నానిగాణ్ణి బండి ముందు నిలబెట్టకు

జగ్గయ్యపేట,
ముక్కనుమ మర్నాడు.

చి.సౌ. అమ్ములుకి, తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. చలికి మీ అమ్మమ్మ మోకాలు పట్టేస్తోంది గానీ నోరు బాగానే ఆడుతోంది. నువ్వూ, అబ్బాయీ, నానిగాడూ, పాపా కులాసా అని తలుస్తాను.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఫోనులో నేను రెండో మాట అందుకునేలోపు పాప లేస్తుంది, "సరే తాతయ్యా, మళ్ళీ చేస్తా" అనేస్తావు. ఆ మళ్ళీ మళ్ళీ రాదు. ఉత్తరమైతే పాలిచ్చేటప్పుడు ఒంటిచేత్తో పట్టుకుని చదువుకోవచ్చు. సగంలో ఆపి నిద్రపోయినా నాకు కోపం లేదు. అసలు నిద్ర వస్తే ముందు నిద్రే పో. ఉత్తరం ఎక్కడికీ పోదు.

సంగతేమిటంటే, భోగినాడు మీ పిన్ని వచ్చి నువ్వు పంపిన ఫోటో చూపించింది. జూపార్కు గేటు ముందు మీ నలుగురూ ఒకే బండి మీద. ముందు నానిగాడు నిలబడి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, మొహం కన్నా పెద్ద నల్లకళ్ళద్దాలతో. వెనక నువ్వు ఒక పక్కకి కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో శాలువా, శాలువాలో పాప. హెల్మెట్ బండి తోలే అబ్బాయి నెత్తిన ఒక్కటే. ఇంట్లో అందరూ ఫోటో చూసి మురిసిపోయారు. మీ అమ్మమ్మ ఫోనుకే దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసింది. నాకు మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పైగా వచ్చే ఆదివారం నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి కూడా ఇలాగే వెళ్తున్నారట.

నువ్వు బయటికి వెళ్ళావని నాకు బాధ లేదు, ముందు అది తెలుసుకో. బాలింత గడప దాటకూడదనే రకాన్ని కాను నేను. నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఒక పసిగుడ్డుతో, ఒక రెండున్నరేళ్ళ రాక్షసుడితో ఉంటే ఎంతటి ఓర్పున్న పిల్లకైనా పిచ్చెక్కుతుంది. పండక్కి కూడా రాలేకపోయావు. మీ అమ్మ పురిటికి ఇక్కడే ఉన్నప్పుడు సాయంత్రం కాగానే వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టేవాళ్ళం. వీధిలో పోయేవాళ్ళంతా పలకరించేవారు. దానికి అదే షికారు. మీ మూడో అంతస్తు ఫ్లాటులో ఎవరు పలకరిస్తారు? లిఫ్టు పలకరించాలి. కాబట్టి తిరగండి, చూడండి. తిరిగే వాహనం గురించే నా గొడవంతా.

ముప్పై ఏళ్ళకి పైగా స్టీరింగు పట్టినవాణ్ణి, ఒక మాట చెప్తాను విను. అంత ఎత్తున సీట్లో కూర్చునే బస్సు డ్రైవరుకి రోడ్డంతా కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. ఎడమ పక్క ముందు చక్రం దగ్గరికి దూరిన బండి కనిపించదు. అద్దంలో హెల్మెట్ పైభాగం మెరిస్తే మెరిసినట్టు, లేకపోతే లేదు. తోలేవాడి పొట్ట దాకా కూడా రాని పిల్లాడు ఎవరికి కనిపిస్తాడు? రోడ్డు మీద ఎదుటివాడికి కనిపించకపోవడాన్ని మించిన ప్రమాదం లేదు.

మనం మెల్లగానే వెళ్తాం తాతయ్యా అంటావు. ఎంత మెల్లగా? గంటకి 40 కిలోమీటర్లు అనుకో. అంటే సెకనుకి 11 మీటర్లు. కుక్క అడ్డం వచ్చిందని కంటికి తెలిసి, వేళ్ళు బ్రేకు మీద బిగుసుకునేసరికే ఓ సెకను గడిచిపోతుంది. ఆ సెకనులో, ఇంకా బ్రేకు పడకముందే, బండి మన పడమటింట్లో బయల్దేరి వసారా దాటి వేపచెట్టు దగ్గరికి వచ్చేసినట్టు లెక్క. అప్పుడు బ్రేకు పడుతుంది. అబ్బాయి ముందుకి తూలుతాడు, 70 కిలోల మనిషి. ఆయనకీ హ్యాండిల్‌కీ మధ్య దిండులా నలిగేది 12 కిలోల నానిగాడు. ఇది రాస్తుంటే నా చెయ్యే వణుకుతోంది, కానీ రాయక తప్పదు.

నువ్వు ఇప్పుడేమంటావో కూడా తెలుసు. నీది మీ అమ్మ నోరే. "మరి అమ్మని నువ్వు సైకిల్ మీద ఊరంతా తిప్పలేదా?" తిప్పాను. ముందు కడ్డీకి బిగించే చిన్న సీటొకటి ఉండేది, వెనక్కి ఆనుకోవడానికి వంపు కడ్డీతో, కాళ్ళు పెట్టుకోవడానికి కింద చిన్న పలకతో. విజయవాడలో డ్యూటీ దిగి, గవర్నరుపేట వీధులన్నీ తిరిగి కొనుక్కొచ్చాను. మీ అమ్మకి ఆ సీటంటే సింహాసనమే. వేదాద్రి వెళ్ళేవాళ్ళం, చిల్లకల్లు మీదుగా. కృష్ణలో దాని కాళ్ళు తడిపి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, గుడి బయట మరమరాలు కొనుక్కుని మళ్ళీ సైకిలెక్కేవాళ్ళం. మరమరాల పొట్లం దాని చేతిలో, సగం రోడ్డు మీద. తిరుగుదారిలో అది నిద్రపోయేది. తల పక్కకి వాలిందో లేదో నా మోచేతికి తెలిసిపోయేది. దిగేసి, కండువాతో దాన్ని సీటుకి కట్టి, ఒక చెయ్యి దాని వీపు మీద వేసి సైకిల్ నడిపించుకుంటూ ఊళ్ళోకి వచ్చేవాణ్ణి. చీకటి పడిపోయేది. మీ అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది, కళ్ళెర్రజేసి.

సైకిల్ వేగం నా కాళ్ళలో ఉన్నంతే. దిగి నడిపించుకోవచ్చు. స్కూటర్ మీద పిల్లాడు నిద్రపోతే తోలేవాడికి తెలిసే దారేది? వాడి మొహం అవతలికి ఉంటుంది. మోకాళ్ళు ఒక్కసారి సడలితే నుదురు వెళ్ళి మీటరు అద్దానికి కొట్టుకుంటుంది. ఆ చల్లగాలికి, ఆ చప్పుడికి రెండేళ్ళ పిల్లలు ఎంత తొందరగా జోగుతారో నీకు నేను చెప్పాలా? ఇంట్లో రెండు గంటలు జోకొట్టినా పడుకోనివాడు అక్కడ రెండు నిమిషాల్లో పడుకుంటాడు.

అన్నం తిన్నావా? ఈ సొద ఎక్కువైందని తెలుసు. ఫోటోలో నీ మణికట్టు చూశాను, గాజులు జారుతున్నాయి. పాలిచ్చే తల్లివి, పిల్లాడు కంచంలో వదిలేసిన మెతుకులతో కడుపు నింపుకోకు. మీ అమ్మమ్మ కాయం, నువ్వుల ఉండలు డబ్బాల్లో సర్దుతోంది. కాయం కారంగా ఉందని సింకులో పారబోయకు, కిందటిసారి పారబోశావని నాకు నానిగాడే చెప్పాడు.

ఇంకో సంగతి, ఇది కళ్ళారా చూసింది. కార్తీకమాసంలో మన పెట్రోలు బంకు పక్కన చెరుకురసం బండి దగ్గర ఒకాయన స్కూటర్ ఆపాడు. ఇంజను ఆపలేదు. కొడుకు ముందు నిలబడే ఉన్నాడు, మన నానిగాడి ఈడే. తండ్రి దిగి, ఒక చెయ్యి సీటు మీద వేసి, రెండో చేత్తో జేబులో చిల్లర వెతుకుతున్నాడు. పిల్లాడు నాన్న చేసే పనే చేశాడు, కుడిచేతి పిడి తిప్పాడు. బండి ఎగిరి చెరుకు గడల కట్ట మీద పడింది. దేవుడి దయ, కింది పెదవి చిట్లి రెండు కుట్లతో పోయింది. ఆ తండ్రి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. పాత బజాజ్ స్కూటర్లకి గేరు ఉండేది. న్యూట్రల్‌లో ఉంటే పిడి ఎంత తిప్పినా ఇంజను అరుస్తుందే గానీ బండి కదలదు. ఇప్పటి గేర్లు లేని బండ్లకి ఆ అడ్డు లేదు, పిడి తిప్పితే లంఘించడమే. ఫోటోలో నానిగాడి కుడిచెయ్యి ఎక్కడుందో ఇంకోసారి చూడు.

ఇది ముసలాడి చాదస్తం అనుకుంటావేమోనని చట్టం కూడా చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం రెండు చక్రాల బండి మీద తోలేవాడు కాక ఇంకొక్కరే కూర్చోవాలి. పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు కాబట్టి సరిపోతోంది. 2022లో కేంద్రం ఇంకో నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండెక్కిస్తే, పిల్లాణ్ణి తోలేవాడికి కట్టి ఉంచే పట్టీల జాకెట్టు ఉండాలి, తొమ్మిది నెలలు నిండితే నెత్తిన వాడి కొలతకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. మరి తొమ్మిది నెలల లోపు బిడ్డ హెల్మెట్ సంగతి? అందులో రాయలేదు. అంత పసిగుడ్డుని ఎవరైనా బండెక్కిస్తారన్న ఊహ కూడా రాసినవాళ్ళకి రాలేదని నా నమ్మకం. మా అమ్ములు సంగతి వాళ్ళకి తెలియదు పాపం.

ఒక పక్కకి కూర్చున్నదానివి, ఒక చెయ్యి పాప మెడ కింద, ఇంకో చెయ్యి పాప మీద. నువ్వు దేన్ని పట్టుకుని కూర్చున్నట్టు? చున్నీ కొస ఎటు ఎగురుతున్నట్టు? ఇక రాయను. నీకే తెలుసు.

పక్కన మీ అమ్మమ్మ "బండి గోల చాలు, పిల్లల సంగతి రాయండి" అంటోంది. ఆవిడ చెప్పమన్నవి చెప్తాను. పాప చెవుల్లో దూది పెట్టి తలకి టోపీ కట్టాలట. టోపీ కట్టు, దూది లోపలికి కుక్కకు, నేను మధ్యేమార్గం చెప్తున్నాను. వస అరగదీసి నాకించమంది. ఇక్కడ మా ఇద్దరికీ చిన్న యుద్ధమే అయింది. మన వీధికొచ్చే ఏఎన్ఎమ్ అమ్మాయి ప్రతి బాలింతకీ చెప్తూనే ఉంది, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దని. మంచినీళ్ళు కూడా వద్దు, ఎండాకాలమైనా సరే, పాలలోనే కావలసినంత నీరుంటుంది. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలిక్కి తాకించవద్దు. మీ అమ్మమ్మ "మా పిల్లలంతా వస తాగే పెరిగారు, ఎవరికి మాటలు రాలేదు?" అంది. వచ్చాయి, కాస్త ఎక్కువే వచ్చాయి. ఆ మాట పైకి అనలేదు, నీకు రాస్తున్నాను.

పాపకి ఆరు వారాల టీకాలు అయ్యాయి కదా, ఇక పది వారాలవి దగ్గర పడుతున్నాయి. టీకా వేయించిన మర్నాడు షికారు పెట్టుకోకు. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడుతుంది, తొడ మీద గట్టిగా ఉండి చిరాకు పడుతుంది, ఎత్తుకుంటే చాలంటుంది. ఊరెళ్ళినా, వీధి చివరికెళ్ళినా టీకాల కార్డు సంచిలోనే ఉండనీ.

నానిగాడు చెల్లిని గిల్లుతున్నాడని మీ అమ్మకి చెప్పి ఏడ్చావట. గిల్లడూ మరి? మొన్నటిదాకా ఆ ఒడి వాడిదొక్కడిదే. ఉచ్చ పోసుకోవడం మానినవాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడంటే వాడి మీద కోపం తెచ్చుకోకు. "నువ్వు పెద్దవాడివి అయిపోయావురా" అన్న మాట ఒక్కటి నీ ఇంట్లో వినపడనివ్వకు. రెండున్నరేళ్ళకి వాడు ఎక్కడి పెద్దవాడు? పాప గుడ్డ మార్చేటప్పుడు పొడి గుడ్డ వాడి చేత తెప్పించు. తప్పు గుడ్డ తెచ్చినా అదే కట్టెయ్. పాప పడుకున్న అరగంట వంటింటికి ఇవ్వకు, వాడికివ్వు. మీ మావయ్య పుట్టినప్పుడు మీ అమ్మ చేసిన ఆగడాలు ఇప్పుడు చెప్తే అది ఒప్పుకోదు. ఉయ్యాల్లో తమ్ముణ్ణి తీసి కింద పెట్టమని, తను ఎక్కి పడుకుంటానని మంకుపట్టు పట్టింది. మీ అమ్మమ్మ తీసి పెట్టింది కూడా. చీర ఉయ్యాల్లో ఇంత పొడుగు కాళ్ళు బయటికి పెట్టుకుని రెండు నిమిషాలు ఊగి, "చాలు, వాణ్ణి వేసెయ్" అని దిగింది. అంతటితో ఆ సరదా తీరింది.

నుమాయిష్ సంగతికి వస్తాను. నేనూ వెళ్ళాను ఆ ఎగ్జిబిషన్‌కి, మీ అమ్మ చిన్నప్పుడు. 1938లో మొదలైన సంత అది. మామూలుగా జనవరి ఒకటో తారీకున తెరుస్తారు, ఫిబ్రవరి నడిమి దాకా ఉంటుంది. మీ అమ్మమ్మ ఒక దుప్పటి బేరమాడుతూ ఉండిపోయింది. మైకులో ఒకటే గోల. ఎర్ర గౌను పాప తప్పిపోయింది, ఏడుస్తోంది, తల్లిదండ్రులు ఆఫీసు దగ్గరికి రావాలని. మా పిల్ల చెయ్యి మా చేతిలోనే ఉన్నా సరే, ఆ మైకు మోగినప్పుడల్లా వంగి దాని గౌను రంగు చూసుకునేవాణ్ణి. ఆకుపచ్చ. మళ్ళీ మోగేది, మళ్ళీ చూసేవాణ్ణి. ఆదివారం సాయంత్రం అక్కడ తోపులాట ఎలా ఉంటుందో నీకూ తెలుసు. ఆ దుమ్ములో, దగ్గుల్లో, మిర్చిబజ్జీ నూనె పొగలో రెండు నెలల బిడ్డకేం పని? దానికి కనిపించేది నీ మొహం ఒక్కటే, అది ఇంట్లోనూ కనిపిస్తుంది.

నలుగురూ కలిసి కదిలితేనే షికారు అని ఎవరన్నారు? నానిగాణ్ణి వాళ్ళ నాన్న తీసుకెళ్ళనీ. ఆదివారం వద్దు, వారం మధ్యలో ఒకరోజు కాస్త ముందు ఇంటికొస్తే సాయంత్రం గేటు తీసిన వేళకి అక్కడ ఉండొచ్చు, చీకటి పడి జనం కమ్ముకునేలోపు చిన్న రైలు ఎక్కించి తిరిగి రావచ్చు. వాడి ముంజేతి మీద బాల్‌పెన్నుతో ఫోను నంబరు రాసి పంపు. ఆ మూడు గంటలు పాపతో పాటు నువ్వూ పడుకో. గిన్నెలు తోముతూ కూర్చున్నావని తెలిస్తే ఊరుకోను. నీకు గాలి కావాలంటే పొద్దున ఎండెక్కాక సరూర్‌నగర్ చెరువు వైపు పార్కులో అరగంట నడువు. పాపని గుండెకి ఆనించి కట్టుకునే సంచి ఏదో ఉందన్నావుగా, అందులో వేసుకో. ముక్కూ నోరూ నీకు కనపడుతూ ఉండాలి, గడ్డం ఎదకి అంటుకుపోకూడదు.

నాంపల్లికి బండెందుకు? మీ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారే పని లేదు, నేరుగా గాంధీభవన్ స్టేషన్‌లో దిగడమే, ఎగ్జిబిషన్ గ్రౌండు అక్కడే. పైకి లిఫ్టు ఉంది. 2018లో ఆ లైను తెరిచారు. ఇన్నేళ్ళుగా మీ గుమ్మం ముందు తిరుగుతున్న రైలుని వదిలేసి ట్రాఫిక్‌లో నలుగురు ఒక సీటు మీద! అబ్బాయి ఇంజినీరట. సరే, నేనేం అనలేదు.

మెట్రో లేని చోటికి బస్సు. ఆర్టీసీ మనిషి కాబట్టి బస్సు అంటాడని నవ్వు, పరవాలేదు. నీకు టికెట్టే లేదు, 2023 డిసెంబరు నుంచి మీ తెలంగాణలో ఆడవాళ్ళకి జీరో టికెట్టు. నీ ఆధార్‌లో హైదరాబాద్ చిరునామా మార్పించావుగా, అది చూపిస్తే చాలు. పిల్లలకి ఐదేళ్ళ దాకా టికెట్ అడగరు. మొత్తం సంసారానికి అబ్బాయి టికెట్ ఒక్కటే ఖర్చు. పెట్రోలుకి ఎంతవుతోందో లెక్క వేసి చూడమను. ఎక్కాక సీటు చూసి కూర్చో. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉన్న సీట్లలో కుదుపు తక్కువ. వెనక చక్రం దాటాక ఉన్న సీట్లలో గుంత వస్తే మనిషి లేచి పడతాడు, చంటిపిల్లతో అక్కడ కూర్చోకూడదు. తలుపు పక్క సీటూ వద్దు. ఆటో అయితే నానిగాడు మధ్యలో, నీకూ వాళ్ళ నాన్నకీ నడుమ. కారు మాట్లాడుకుంటే పాపతో ముందు సీట్లో ఎక్కకు, వెనకే కూర్చో, బెల్టు నీకు పెట్టుకో, పాపకీ నీకూ కలిపి పెట్టకు.

బస్సుకి పసిపిల్లలంటే భయం లేదు. 2021 చివర్లో మీ తెలంగాణ బస్సుల్లోనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరికీ జీవితాంతం ఉచితంగా తిరగమని పాసులిచ్చింది సంస్థ. ఆ వార్త చదివి పేపరు మీ అమ్మమ్మకి చూపించాను. "మీరు తోలినన్నాళ్ళు ఒక్కటీ పుట్టలేదేం?" అంది.

పుట్టలేదు గానీ, ఒక పిల్ల నన్ను రాత్రంతా పరుగెత్తించింది. విజయవాడ–హైదరాబాద్ రాత్రి సర్వీసు, అప్పట్లో అది 9వ నంబరు జాతీయ రహదారి, రెండు లైన్లే, ఇప్పుడు 65 అంటున్నారు. నందిగామలో ఒక తల్లి ఎక్కింది, చేతిలో నెల దాటిన బిడ్డ. వెనక సీటు దొరికితే అక్కడ కూర్చుంది. కండక్టరుతో చెప్పి ముందుకి, నడిమి సీట్లోకి మార్పించాను. బస్సు నడుస్తున్నంతసేపు బిడ్డ నిద్ర, ఆగితే ఆరున్నొక్క రాగం. కోదాడలో ఆపితే ఏడుపు, కదిలితే చప్పున ఆగిపోయింది. సూర్యాపేటలో హోటలు దగ్గర ఆపాలి, జనం టీలు తాగాలి. నేను ఇంజను ఆపకుండా అలాగే ఉంచాను. ఆ ఇంజను దడదడకి బిడ్డ కదల్లేదు. తల్లికి కిటికీలోంచి టీ, రెండు ఇడ్లీలు అందించాడు కండక్టరు. ఆవిడ ఎంత నిద్ర మొహంతో ఉందంటే ఇడ్లీ చేతిలో పట్టుకునే కునికింది. తెల్లారి ఎల్బీనగర్‌లో దిగుతూ నాకు దణ్ణం పెట్టింది. ఆ నెల నా కేఎంపీఎల్ తగ్గింది, అంటే లీటరు డీజిలుకి బస్సు నడిచిన లెక్క. తోటి డ్రైవర్లు "పాప ఖాతాలో రాయి" అని నవ్వారు. నీ ఫోటోలో కళ్ళ కింద నలుపు చూస్తే ఆవిడే గుర్తొచ్చింది. ఆవిడకి ఒక్క రాత్రి, నీకు రోజూ.

అందుకే చెప్తున్నాను, రాత్రిళ్ళు ఒక పాలు పట్టే వేళకి అబ్బాయిని లేపు. పాలు నువ్వే ఇవ్వాలి గానీ, తేపు తెప్పించడం, గుడ్డ మార్చడం, భుజాన వేసుకుని నాలుగడుగులు తిరగడం ఆయన చెయ్యొచ్చు. పొద్దున నానిగాడి స్నానం ఆయనదే అని ఖరారు చేసెయ్. మంచి పిల్లాడు, చెప్తే చేస్తాడు. చెప్పకుండా తెలుసుకోవాలని అలిగి కూర్చోకు, ఆ గుణం మీ అమ్మమ్మది, దానితో నేను ఎన్ని పూటలు బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డానో.

బండి అసలు ముట్టొద్దని నేను అంటే మీరు వినరని తెలుసు. పాలప్యాకెట్టుకి, మందులషాపుకి నానిగాడు వెంటపడతాడు, ఏడుస్తాడు. అలాంటప్పుడైనా ముందు నిలబెట్టకండి. ఆ పట్టీల జాకెట్టు కొనండి, వెనక కూర్చోబెట్టి నాన్న నడుముకి బిగించండి, పిల్లల హెల్మెట్ పెట్టండి. పుచ్చకాయ బొమ్మలున్నవీ, పులి బొమ్మలున్నవీ దొరుకుతాయట, బొమ్మ వాణ్ణే ఎంచుకోమను, ఇక తియ్యమన్నా తియ్యడు. ఆగిన ప్రతిచోటా తాళంచెవి బయటికి తీసి జేబులో వేసుకోమను అబ్బాయిని. దిగేటప్పుడు ముందు పిల్లాడు దిగాలి, తరవాత నాన్న. పాప మాత్రం ఏడాది దాటేదాకా రెండు చక్రాల మీదకి రాకూడదు. ఇది సలహా కింద తీసుకోకు.

మళ్ళీ జూకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, నానిగాడు ఏనుగుని చూసి ఏమన్నాడో మీ పిన్ని చెప్తే పడీపడీ నవ్వాం. సోమవారం మూస్తారు, అది చూసుకోండి. లోపల 380 ఎకరాలు, వాడి కాళ్ళతో తిరిగేది కాదు, బ్యాటరీ బండి ఎక్కండి. నాలుగు జంతువులు చూసి వచ్చెయ్యండి, టికెట్ కొన్నాం కదా అని అన్నీ చూపించాలనుకుంటే చివరికి ఏడ్చేది మీరే. పాపకి పాలవేళ అయితే చెట్టుకింద కూర్చుని శాలువా కప్పుకుని ఇవ్వు. ఎవరు చూస్తారోనని పాలవేళ దాటించకు.

ఇంకా రాయాలని ఉంది గానీ మీ అమ్మమ్మ దీపం పెట్టే వేళ అయింది, కరెంటు కూడా పోయేటట్టుంది. నానిగాడికి నా ముద్దులు. పాపకి ఇంకా నా గొంతు తెలియదు, తొందరలోనే తెలుస్తుంది.

ఎందుకంటే ఈ బుధవారం పొద్దున బస్సుకి మేమిద్దరం వస్తున్నాం. అరిసెలు, చక్కిలాలు, కాయం, పాపకి పాత చీరల గుడ్డలు సంచుల్లో కట్టాం. ఓ పదిరోజులుంటాం, నీ నిద్ర నువ్వు పో. బస్సు మీ దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే వెళ్తుంది, అక్కడే దిగుతాం, అక్కణ్ణుంచి ఆటోలో వస్తాం. తాతయ్యని తీసుకొస్తానని అబ్బాయి బండి తీస్తాడేమో, వద్దని గట్టిగా చెప్పు. నానిగాణ్ణి చంకనెత్తుకుని నడిచి రమ్మను.

ఇట్లు,
నీ తాతయ్య.